సిపాయి జేబులు



మీ జేబుల్లో ఏమేమి ఉన్నాయో ఒక్కసారి తీసి నేలమీద పరిచి చూడండి. నేను ముప్ఫయి అయిదేళ్లు బళ్లో పనిచేసినవాణ్ణి గనక పిల్లల జేబుల సంగతి నాకు బాగానే తెలుసు. గోళీకాయలు, చింతపిక్కలు, అరిగిపోయిన రబ్బరుముక్క, సగం కొరికిన జామకాయ! ఒకసారి ఆరో తరగతి కుర్రవాడి జేబులో బతికి ఉన్న తొండపిల్ల కూడా దొరికింది. ఇవన్నీ నీ జేబులోకి ఎందుకు వచ్చాయిరా అని అడిగితే వాడికే తెలియదు.

ఈ నెల మీకు ఇంకొకరి జేబుల సంగతి చెబుతాను. వాటిలో ఉండే ప్రతి వస్తువూ ఎందుకు ఉన్నదో, ఏ జేబులో ఉండాలో ఆ జేబుల ఆసామికి నిద్రలో లేపి అడిగినా తెలుస్తుంది. అవి ఇల్లూ వాకిలీ వదిలి, సముద్రాల అవతల పరాయి దేశంలో కాపలా కాసే సిపాయి జేబులు.

సంక్రాంతికి సెలవు మీద వచ్చిన నా పాత శిష్యుడొకడు నన్ను చూడవచ్చాడు. చదివే రోజుల్లో లెక్కల్లో అంతంతమాత్రమే. కాని పరుగుపందెంలో అతనికి సాటి వచ్చినవాడు మా బళ్లో లేడు. ఇప్పుడు సైన్యంలో హవల్దారు. పేరు చెబితే సిగ్గుపడతాడు గనక ఇక్కడ కూడా హవల్దారు అనే అంటాను. అతను ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో మన పటాలంతోపాటు ఒక ఏడాది దక్షిణ సూడాన్‌లో ఉండివచ్చాడు.

దక్షిణ సూడాన్ ఎక్కడున్నదో అట్లాసు తీసి చూడండి. ఆఫ్రికా ఖండంలో, తెల్ల నైలునది పారే దేశం. 2011 జులై 9న స్వతంత్రం వచ్చింది. ఐక్యరాజ్యసమితిలో నూట తొంభై మూడో సభ్యదేశంగా చేరింది. అయితే రెండున్నరేళ్లు గడవకముందే, 2013 డిసెంబరులో, ఆ దేశంవాళ్లే రెండు పక్షాలై యుద్ధానికి దిగారు. లక్షలమంది ఇళ్లు వదిలి పారిపోయారు. అలా పారిపోయి వచ్చినవాళ్లకు నీడ ఇచ్చి కాపాడటం శాంతిసేన చేసిన పనుల్లో ఒకటి.

"ఆ ఊళ్లు ఎలా ఉంటాయోయ్?" అని అడిగాను.

"మన ఊరిలాగే ఉంటాయి మాస్టారూ," అన్నాడు. "హెలికాప్టరు దిగి నాలుగడుగులు వేసేసరికి బూట్లకు బంకమన్ను పట్టేసింది. చూద్దును గదా, అచ్చం మన నల్లరేగడే!"

ఇది నిజమే. ఆ దేశంలో చాలా భాగం నల్లరేగడి నేల. ఎండాకాలంలో కాలు పట్టేటంత నెర్రెలు విచ్చుతుంది. సుమారు మే నుంచి అక్టోబరు దాకా వానలు పడితే దారి ఏదో, చేను ఏదో తెలియకుండా బురద అయిపోతుంది. లారీలు ఇరుసుల దాకా దిగబడతాయి. గుంటూరు జిల్లా పల్లెటూళ్లలో పుట్టినవాడికి ఈ కష్టం వేరే చెప్పనక్కరలేదు.

పిల్లల కోసం ఈ పుటలో రాస్తాను, నీ దగ్గర ఏమేమి ఉండేవో చూపించమని నేను ముందుగానే కోరాను. అతను తన సొంత వస్తువులు కొన్ని గుడ్డసంచిలో తెచ్చాడు. సర్కారు ఇచ్చిన సామాను ఇంటికి తేకూడదు. అందుచేత వాటి బదులు మా ఇంట్లో కనపడ్డ వస్తువులు పెట్టి చూపించాడు. ఆ పనిలో మా ఇంటావిడ పప్పుగుత్తి కూడా సైన్యంలో చేరింది. ఆ సంగతి తరవాత చెబుతాను.

సిపాయి సామాను మూడుచోట్ల ఉంటుంది. వీపు మీద పెద్ద సంచి, దాన్ని వాళ్లు పిట్టూ అంటారు. ఛాతీకీ నడుముకూ బిగించుకునే పౌచ్‌లు. ఆ తరవాత చొక్కా, పంట్లాము జేబులు. పక్కబట్టలు, మారు బట్టలు, తిండి పిట్టూలో ఉంటాయి. పరుగెత్తవలసి వచ్చినా, కాలవ దాటవలసి వచ్చినా దాన్ని కింద పారేసి పోవచ్చు. తూటాలు, నీళ్లసీసా, మందుకట్టు పౌచ్‌లలో ఉంటాయి. ఇక, ఏది పోయినా దగ్గర మిగలవలసినవి జేబుల్లో ఉంటాయి.

"పిట్టూ పోతే ఆ పూట ఇబ్బంది. పౌచ్‌లు పోతే ప్రాణం మీదికి వస్తుంది. జేబు పోయిందంటే మటుకు మనిషే పోయాడన్నమాట," అన్నాడు హవల్దారు నవ్వుతూ. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అతను ముందుగా మెడలో చెయ్యిపెట్టి చూపించాడు. డ్యూటీలో ఉండగా అక్కడ గొలుసుకు బిళ్లలుంటాయి. వాటి మీద సిపాయి పేరు, సైనిక సంఖ్య చెక్కి ఉంటాయి. ఒక్క బిళ్ల చాలదా, రెండెందుకు? మొదటి ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు బ్రిటిష్ సిపాయిలకు ఒకే బిళ్ల ఉండేది. సిపాయి చనిపోతే లెక్క రాసుకోవటానికి ఆ బిళ్లను తీసుకుపోయేవారు. ఆ తరవాత పాతిపెట్టేవాళ్లు వచ్చేసరికి ఆ దేహం ఎవరిదో చెప్పే గుర్తు ఉండేది కాదు. ఎందరో పేరు లేని సమాధుల్లోకి వెళ్లారు. అందుచేత 1916లో రెండు బిళ్లలు చేశారు. ఎర్రది గుండ్రంగా ఉండేది, దాన్ని లెక్కకు తీసుకుపోయేవారు. ఆకుపచ్చది ఎనిమిది పలకలుగా ఉండేది, అది మనిషితోనే ఉండిపోయేది.

తరవాత ఎడమ జేబులోనుంచి చిన్న నోటుపుస్తకం, పెన్సిలు తీశాడు. పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంచుకున్నాడు. "పెన్సిలేమిటోయ్, హవల్దారువయి ఉండి?" అన్నాను. అందుకతను మా పెరట్లో తొట్టి దగ్గరికి వెళ్లి, ఒక కాగితం మీద పెన్నుతో నా పేరు, దాని కింద పెన్సిలుతో తన పేరు రాసి నీళ్లలో ముంచాడు. నా పేరు నీలంగా కరిగిపోయింది. అతని పేరు చెక్కు చెదరలేదు. ఇలాటి సిరా నీటిలో కరుగుతుంది. పెన్సిలులో ఉండే గ్రాఫైటు కరగదు. ఇది మీరూ చేసి చూడవచ్చు. ఏ ఊళ్లో, ఎన్ని గంటలకు, ఏం చూశాడో రాసుకోవటం శాంతిసేనలో ముఖ్యమైన పని. వానకు అది చెరిగిపోతే, చూసినా చూడనట్టే అవుతుంది.

సూది, దారం, రెండు బొత్తాలు ఉన్న చిన్న గుడ్డచుట్ట కూడా ఉన్నది. బ్రిటిష్ సైన్యంలో ఈ చుట్టను హౌస్‌వైఫ్, అంటే ఇల్లాలు అనేవారు. ఇది విని మా ఇంటావిడ, "ఇల్లాలిని జేబులో పెట్టుకు తిరిగారన్నమాట!" అన్నది.

ఇక టార్చిలైటు. ఇది చూసి నాకు మనసు ఉప్పొంగింది, ఎందుకంటే ఇందులో ఒక మంచి పాఠం ఉన్నది. బొటనవేలంత టార్చి. ఒకసారి నొక్కితే ఎర్రని వెలుగు వస్తుంది, రెండోసారి నొక్కితే తెల్లని వెలుగు. ముందు ఎర్రనిదే ఎందుకు రావాలి?

మన కంటి వెనక పొరలో రెండు రకాల కణాలు ఉంటాయి. శంకు ఆకారంలో ఉన్నవి పగటివెలుగులో రంగులను చూపిస్తాయి. కడ్డీల్లాంటివి చీకట్లో పనిచేస్తాయి. వాటికి రంగు తెలియదు కాని కాస్తపాటి వెలుగును కూడా పసికడతాయి. ఈ కడ్డీకణాల్లో రొడాప్సిన్ అనే పదార్థం ఉన్నది. వెలుగు తగిలితే అది విరిగిపోతుంది. తిరిగి తయారు కావటానికి ఇరవై, ముప్ఫయి నిమిషాలు పడుతుంది. అది తయారు కావాలంటే ఏ విటమిన్ కావాలి. అందుకే ఏ విటమిన్ చాలని పిల్లలకు రేచీకటి వస్తుంది. సినిమాహాల్లోకి ఆలస్యంగా వెళ్లినప్పుడు ముందు ఏమీ కనపడక ఎవరి కాళ్లో తొక్కుతాం, కాసేపటికి కుర్చీలు కనిపిస్తాయి. కారణం ఇదే.

చిత్రమేమిటంటే, ముదురు ఎర్రని వెలుగు రొడాప్సిన్‌ను అంతగా విరగ్గొట్టదు. రాత్రి కాపలా కాసే సిపాయి అరగంట కూర్చుని చీకటికి కళ్లు అలవాటు చేసుకుంటాడు. పటం చూడటానికి ఒక్క క్షణం తెల్లని టార్చి వేశాడో, ఆ అరగంటా గంగలో కలిసినట్టే. అంతేకాదు, ఆ వెలుగు దూరాన ఉన్నవాడికి కూడా, ఇదుగో ఇక్కడున్నాను అని చెబుతుంది. సన్నని ఎర్రవెలుగుతో మొదటి బాధ లేదు, రెండోది తగ్గుతుంది.

వేసవికాలం, చంద్రుడు లేని రాత్రి, డాబా ఎక్కి ఇరవై నిమిషాలు దీపం చూడకుండా కూర్చోండి. సప్తర్షుల్లో వశిష్ఠుడి పక్కన అరుంధతిని పోల్చుకోండి. ఆ తరవాత సెల్‌ఫోను తెల్లని దీపాన్ని ఒక పుస్తకం మీద వేసి చూసి, మళ్లీ అరుంధతిని వెతకండి. మరొక రాత్రి అదే దీపానికి ఎర్ర గాజుకాగితం రెండు మూడు మడతలు చుట్టి చూడండి. తేడా ఏమిటో నాకు రాయండి. పెద్దవాళ్లకు చెప్పి డాబా ఎక్కండి సుమా!

మరొక జేబులో దోమల మందు గొట్టం, మాత్రల పట్టీ ఉన్నాయి. దక్షిణ సూడాన్‌లో మలేరియా చాలా ఎక్కువ. మలేరియాను మోసే ఆడ అనాఫిలిస్ దోమ సాయంత్రం నుంచి తెల్లవారేదాకా కుడుతుంది. అందుచేత పొద్దు వాలగానే మడిచిన చొక్కాచేతులు దించి, బొత్తాలు పెట్టుకోవటం అక్కడ సిపాయిలకు ఆజ్ఞ. మాత్రలు దేశం నుంచి బయలుదేరక ముందే మొదలుపెట్టాలి. కొన్ని రకాల మందులు తిరిగివచ్చాక కూడా నాలుగు వారాలపాటు మింగాలి. దోమకూ ఈ జ్వరానికీ ఉన్న సంబంధాన్ని కనిపెట్టినవాడు కూడా సైన్యపు వైద్యుడే. రొనాల్డ్ రాస్ అనే ఆ వైద్యుడు మన సికిందరాబాదులో, 1897 ఆగస్టు 20న, దోమ కడుపుగోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో అతనికి నోబెల్ బహుమతి వచ్చింది. తెలుగుగడ్డ మీద దొరికిన ఆ రహస్యమే నైలునది ఒడ్డున మా హవల్దారు చొక్కాచేతులు దింపించిందన్నమాట.

నీళ్లు శుభ్రంచేసే క్లోరిన్ బిళ్లల గురించి ఎక్కువ చెప్పను. నీటిని బట్టలో వడగట్టి, బిళ్ల వేసి, అరగంట ఆగి తాగాలి. "ఆగటమే కష్టం మాస్టారూ," అన్నాడతను. చిన్న మడతకత్తి, నాలుగు బారల సన్నని నైలాను తాడు కూడా ఉన్నాయి. ఆ తాడు పారాచూట్లకు వాడే రకం. పై తొడుగు లోపల ఏడు పోగులు ఉంటాయి, అది సుమారు 250 కిలోల బరువు ఆపుతుంది. డేరాకు కట్టవచ్చు, తెగిన బూటు లేసు బదులు వాడవచ్చు, పోగులు విడదీస్తే కుట్టుదారమవుతుంది.

వీటితోపాటు ఒక అట్టముక్క ఉండేదట. అది ఐక్యరాజ్యసమితి ఇచ్చిన కార్డు, పది నియమాలు అచ్చువేసి ఉంటాయి. ఆ దేశానికి నువ్వు అతిథివి. వాళ్ల చట్టాన్నీ ఆచారాలనూ మన్నించు. వాళ్ల దగ్గర కానుకలు పుచ్చుకోకు. రోగులకూ బలహీనులకూ సాయపడు, ఇలాటివి. చేతిలో తుపాకి ఉన్నవాడి జేబులో ఇది కూడా ఉండాలని ఎవరికి తోచిందో కాని, వారు మంచి బడిపంతులయి ఉండాలి.

శాంతిసేన నీలం టోపీ కథ కూడా ఒక్కమాటలో చెబుతాను. 1956లో సూయజ్ కాలవ దగ్గరికి మొదటిసారిగా పెద్ద శాంతిసేనను పంపవలసి వచ్చింది. ఏ దేశపు సిపాయి ఏ పక్షం అని ఎవరూ పొరబడకుండా అందరికీ ఒకే గుర్తు కావాలి. నీలం బట్టటోపీలు కుట్టించటానికి వ్యవధి లేదు. అమెరికా సైన్యం దగ్గర హెల్మెట్ల లోపల తొడిగే ప్లాస్టిక్ టోపీలు కుప్పలుగా ఉంటే, వాటికే లేతనీలం రంగు పూయించారు. ఆ సేనలో మన భారత సిపాయిలు కూడా ఉన్నారు.

సంచి అడుగున ఒక రేకుడబ్బా మిగిలింది. మూత తీస్తే మెంతికారం వాసన గుప్పుమన్నది. వాళ్లమ్మ చేసి ఇచ్చిన కారప్పొడి. "ఇది ఏ నియమంలో ఉన్నదోయ్?" అంటే, "ఇది లేకపోతే మిగతా నియమాలు గుర్తుండవు మాస్టారూ," అన్నాడు. అతని మాటకు చరిత్రలో సాక్ష్యం కూడా ఉన్నది. 1914లో మన సిపాయిలు వేలమంది ఓడల్లో ఫ్రాన్సు వెళ్లి మార్సే రేవులో దిగారు. ఆ ఏటి క్రిస్మసుకు ఇంగ్లండు రాజకుమారి మేరీ పేరిట సిపాయిలందరికీ కానుకలు పంచినప్పుడు, భారతీయ సిపాయిల్లో చాలామందికి కలకండతోపాటు చిన్న డబ్బాలో మసాలా దినుసులు ఇచ్చారు. చలికి చేతులు కొంకర్లు పోతున్న కందకంలో ఆ డబ్బా మూత తీసినవాడికి ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి.

ఇంతవరకూ చెప్పినవన్నీ సిపాయి తన కోసం తాను తీసి వాడుకునేవి. ఇప్పుడు అలా కాని వస్తువు గురించి చెబుతాను. పప్పుగుత్తి ఇక్కడే వస్తుంది.

"మాస్టారూ, మీ కండువా ఇలా ఇవ్వండి," అని తీసుకుని, హవల్దారు దాన్ని ఒక తలగడ చుట్టూ తిప్పి ముడి వేశాడు. ముడిలోకి పప్పుగుత్తి కాడ దూర్చి తిప్పటం మొదలుపెట్టాడు. ఒక మెలి, రెండు మెలులు, మూడు మెలులు. లావుపాటి తలగడ నడుము దగ్గర చేతి మణికట్టంత అయిపోయింది. గడ్డిబండికి మోకు కట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలిపెట్టి బిగిస్తారు చూడండి, అదే కిటుకు.

దీన్ని టూర్నికే అంటారు. మరతో బిగించే టూర్నికేను ఫ్రెంచి వైద్యుడు ఝా లూయీ పెతీ 1718లో తయారుచేశాడు. ఇప్పుడు సిపాయిలు వాడేది గట్టి నేతపట్టీ. మెలితిప్పటానికి దానికే ఒక చిన్న కడ్డీ అమర్చి ఉంటుంది. పెద్దవాడి ఒంట్లో సుమారు అయిదు లీటర్ల నెత్తురు ఉంటుంది. తొడలోనో, దండలోనో ఉన్న పెద్ద ధమని తెగితే కొద్ది నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు. గాయానికి పైన, అంటే గుండె వైపు, ఈ పట్టీ వేసి బిగిస్తే ఆ ధమని నొక్కుకుపోయి నెత్తురు ఆగుతుంది. బిగించిన వేళ దాని మీదే రాయాలి. కట్టు వేస్తే చెయ్యో కాలో పోతుందని చాలాకాలం వైద్యులు భయపడేవారు. వేళకు బిగించి, రెండు గంటలలోపు ఆస్పత్రికి చేరిస్తే సాధారణంగా అవయవం కూడా దక్కుతుందని ఇరాక్, అఫ్ఘనిస్తాన్ యుద్ధాల్లో వైద్యులు గమనించారు.

(పిల్లలూ, దీన్ని మీ ఒంటిమీద కాని, తమ్ముళ్ల మీద కాని చేసి చూడకండి! తలగడ చాలు. మీ కళ్లెదుట ఎవరికైనా గాయమై నెత్తురు కారుతుంటే, శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద గట్టిగా, వదలకుండా అదిమి పట్టండి. పెద్దవాళ్లను కేక వెయ్యండి.)

"ఇప్పుడు చెప్పండి మాస్టారూ. నా తోటివాడికి దెబ్బ తగిలింది. నేను ఎవరి టూర్నికే తియ్యాలి? నాదా, వాడిదా?"

"దగ్గరగా ఉన్నది నీదే గదా, నీదే తీస్తావు," అన్నాను.

"తప్పు!" అన్నాడు. లెక్కల క్లాసులో నేను అతన్ని ఎన్నిసార్లు ఆ మాట అన్నానో!

వాడిదే తియ్యాలి. నాది తీసి వాడికి వాడేస్తే, పది అడుగులు పోయాక నాకు దెబ్బ తగిలినప్పుడు నా దగ్గర ఏముంటుంది? ఇది కొత్త నియమం కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సిపాయి కోటుకు కుడివైపు అంచు లోపల ఒక చిన్న జేబు కుట్టి ఉండేది. అందులో ఒక మందుకట్టు పొట్లం ఉండేది. పొట్లంలో రెండు కట్లు, తూటా దూరిన చోటికి ఒకటి, బయటికి వచ్చిన చోటికి ఒకటి. అందరి కోట్లలోనూ ఆ జేబు అక్కడే ఉండేది.

దీన్నిబట్టి చూడండి, నా టూర్నికే నా ఒంటిమీదే ఉంటుంది, నా ప్రాణం కోసమే ఉంటుంది, కాని దాన్ని తీసే చెయ్యి చాలాసార్లు నాది కాదు. అది మరొకడి చెయ్యి. చీకట్లో, వానలో, కంగారులో వెతికే చెయ్యి. నాకు వీలుగా ఉన్నచోట పెట్టుకుంటే దానికి దొరకదు. అందుచేత దళంలో అందరూ ఒకేచోట పెట్టుకోవాలి. గస్తీకి బయలుదేరే ముందు ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి, కళ్లు మూసుకుని, ఒకడి పౌచ్‌లు ఒకడు తడిమి చూస్తారు. ఆ జంటలో రెండోవాణ్ణి బడ్డీ అంటారు.

హవల్దారు తన బడ్డీ సంగతి చెప్పాడు. అతని టూర్నికే ఎడమవైపు ఛాతీ మీద ఉండాలి. తుపాకిపట్టీ ఒరుసుకుని నొప్పి పెడుతున్నదని, ఎవరికీ చెప్పకుండా దాన్ని వెనక పౌచ్‌లోకి మార్చుకున్నాడు. ఒకనాటి సాయంత్రం తనిఖీలో సుబేదారు సాబ్ కంటపడింది. పదిమందిలో నానాతిట్లూ తిట్టి, తిరిగి ఛాతీ మీద పెట్టించాడు. ఆ బడ్డీ ముఖం గంటు పెట్టుకుని అన్నం కూడా సరిగా తినలేదట.

ఆ రాత్రే వాళ్ల లారీ బురదలో జారి, గట్టు మీదినుంచి పల్లంలోకి ఒరిగిపోయింది. దీపాలు ఆరిపోయాయి. వాన పడుతున్నది. బడ్డీ తొడ రేకు అంచుకు తెగింది. "నా చేతికి వెచ్చగా తగిలింది మాస్టారూ, అది వాననీరు కాదని తెలిసింది. టార్చి తీసే వ్యవధి లేదు. చెయ్యి తిన్నగా వాడి ఛాతీ మీదికి పోయింది. అది అక్కడ ఉన్నది."

హవల్దారు ఇంకేమీ చెప్పలేదు. మా ఇంటావిడే, "ఆ అబ్బాయి ఎలా ఉన్నాడు బాబూ?" అని అడిగింది. బాగానే ఉన్నాడట. కాస్త కుంటుతాడు. సుబేదారు సాబ్‌కు ప్రతి దీపావళికీ ఫోను చేస్తాడట.

కాసేపాగి హవల్దారు, "మాస్టారూ, మీ బీరువా తాళంచెవి గుర్తున్నదా?" అన్నాడు.

గుర్తు లేకేం! చెప్పటానికి సిగ్గుగా ఉన్నా మీకు చెబుతాను. అతను తొమ్మిదో తరగతిలో ఉండగా మా బళ్లో కిటికీ అద్దం పగిలి ఒక కుర్రవాడి ముంజేతి మీద పడింది. బళ్లో మందులపెట్టె ఉన్నది. నేనే స్వయంగా కొని, సామాను జాబితా మూతమీద అంటించాను. పిల్లలు దూది, టింక్చరు పాడుచేస్తారని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవుల గుత్తి నా మొలలో ఉంటుంది. ఆ రోజు మటుకు ఇంట్లో మేకుకు వేలాడుతున్నది! ఈ హవల్దారే అప్పుడు మా ఇంటికి పరుగెత్తాడు. అతను ఎంత వేగంగా పరుగెత్తినా ఊరు ఈ చివరినుంచి ఆ చివరికి పోయి రావాలి గదా. అతను వచ్చేదాకా బళ్లో నీళ్లు పట్టే ఆవిడ తన చీర చెంగు మడిచి కుర్రవాడి చేతిని అదిమి పట్టుకు కూర్చున్నది. ఎవరూ ఆమెకు ప్రథమచికిత్స నేర్పలేదు. పదకొండు కుట్లు పడ్డాయి. నేను చూస్తూ నిలబడ్డాను. నాకు ప్రథమచికిత్స సర్టిఫికెట్టు ఉన్నది. అది కూడా ఆ బీరువాలోనే ఉన్నది.

హవల్దారు తన వస్తువులు ఒక్కొక్కటే సర్దుకున్నాడు. నాతో మాట్లాడుతూనే, వాటి వంక చూడకుండానే సర్దాడు. పెన్సిలు ఎడమ జేబులోకి, టార్చి కుడి జేబులోకి వెళ్లాయి. మా ఇంటావిడ తలగడకు పట్టిన మెలులు విప్పి పప్పుగుత్తి తీసుకుపోయింది.

మొన్న మా పాత బడి వార్షికోత్సవానికి పిలిస్తే వెళ్లాను. ఉపన్యాసాలు మొదలు కాకముందే మందులపెట్టె ఎక్కడున్నదని అడిగాను. ఇప్పుడు అది ఆఫీసుగది గుమ్మం పక్కన, మేకుకు తగిలించి ఉన్నది. తాళం లేదు. తీసి చూస్తే దూది ఉన్నది, కట్టుగుడ్డ ఉన్నది, టింక్చరు సీసా ఉన్నది. కత్తెర మటుకు లేదు. రంగుకాగితాలు కత్తిరించటానికి ఎవరో ఏడో తరగతి పిల్లలు పట్టుకుపోయారట. కత్తెర తిరిగి వచ్చేదాకా వేదిక ఎక్కనని ఆ గుమ్మం దగ్గరే కుర్చీ వేయించుకు కూర్చున్నాను.